నలభై కేజీలు ఎక్కడికి పోయాయి

మా వదిన సుబ్బరత్న నా కింద చనిపోయింది. నా చేతుల్లో అనడం లేదు, నా కళ్లముందు అనడం లేదు. నా కింద. నేను గాలిలో రెండు వందల అడుగుల ఎత్తున ఉన్నాను, ఆమె నేలమీద జెండా పట్టుకుని నిలబడి ఉంది. మా ఇద్దరి నడుమ గాలి తప్ప మరేమీ లేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు కాగితం మీద రాశాడు. ఊళ్లో వాళ్లు ఎండదెబ్బ అనుకున్నారు. అసలు సంగతి తెలిసినవాళ్లం నేనూ, మా ఆయన చలపతీ. దాన్ని మూడో మనిషికి చెప్పాల్సిన పని నా మీద పడింది. ఆ మనిషి మా అన్న రెడ్డెప్ప, సుబ్బరత్న మొగుడు.

మదనపల్లె దాటి పడమరకు పోతే గువ్వలగుట్ట వస్తుంది. ఆ గుట్ట మీది నుంచి పన్నెండేళ్లుగా జనాన్ని పారాగ్లైడర్‌లో ఎగరేస్తున్నాను. ముందు సీట్లో వాళ్లు, వెనక సీట్లో నేను, పైన ఒకే రెక్క. నా దగ్గర మొహమాటాలు చెల్లవు. ఎంతటివాడైనా బూట్లతో, నీళ్ల సీసాతో, జేబులో ఫోనుతో సహా కాటా ఎక్కాల్సిందే. రెక్క మీద కుట్టిన చీటీలో రెండు అంకెలు ఉంటాయి. మా జోడీ రెక్కకు నూట ఇరవై, నూట ఎనభై. మనుషులూ సామానూ అంతా కలిపి ఆ రెండింటి మధ్య ఉండాలి. ఎక్కువైతే రెక్క పరుగులు పెడుతుంది, తొందరగా కిందికి జారుతుంది, దిగేటప్పుడు కాళ్లు విరుగుతాయి. తక్కువైతే క్షేమం అనుకుంటారు జనం. అదీ తప్పే. రెక్కను బిగదీసి పట్టుకునేది మన బరువే. అది చాలకపోతే ఒక వేడిగాలి తగిలినా గుడ్డ ముడుచుకుపోతుంది.

పై అంకె దాటినవాళ్లను ఎందరినో వెనక్కి పంపాను. తిట్టినవాళ్లున్నారు, సిఫార్సు ఫోన్లు చేయించినవాళ్లున్నారు. పన్నెండేళ్లుగా నోరెత్తకుండా వెనక్కిపోతున్న మనిషి మాత్రం మా అన్నే.

ఆ గుట్ట మీద ముళ్లకంపలు కొట్టి, పరుగెత్తడానికి చదును చేసింది ఆయన. కింద రాతిబండల మధ్య రెండు మడికయ్యలంత జాగాను దిగడానికి తయారు చేసింది ఆయన. కానీ అన్న నూట ఇరవై నాలుగు కేజీలు. నేను అరవై రెండు, రెక్కా సామానూ ఇరవై ఆరు. మొత్తం రెండు వందల పన్నెండు. ఏటా ఉగాది ముందు కాటా ఎక్కేవాడు, అంకె చూసేవాడు, దిగేవాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి చుట్టూ చూసేవాడు. తర్వాత జెండా తీసుకుని కిందికి పోయేవాడు.

జెండా పట్టడం మా దగ్గర ఒక పద్ధతి. పొద్దున తొమ్మిదిన్నర దాటితే లోయలోంచి గుట్టవైపుకి గట్టి ఎదురుగాలి వస్తుంది. దిగే జాగాకు వెనక కరెంటు టవర్ల తీగలు, రెండు పక్కలా బండలు, ముందు టమాటా తోట. గుండ్రంగా తిరుగుతూ దిగడానికి చోటు లేదు. అందుకని రెక్కను గాలికి ఎదురుగా పెడితే, గాలి వేగమూ మా వేగమూ సమానమై, ఉన్నచోటే నిలబడి నిట్టనిలువుగా కిందికి దిగుతాం. ఏ చోట నిలబడాలో తెలియడానికి కింద ఒక మనిషి జెండా పట్టుకుని ఉంటాడు. సరిగ్గా ఆ మనిషి నెత్తిన రెక్కను నిలబెట్టాలి. చివరి ఇరవై అడుగుల్లో ఆ మనిషి పక్కకు తప్పుకుంటాడు. ఈ పద్ధతి అన్న కనిపెట్టిందే. ఇన్నేళ్లలో ఒక్కరికీ గీత పడలేదు.

చలపతి బెంగుళూరులో ఒక పరిశోధనశాలలో స్ఫటికాల మీద పనిచేసేవాడు. అరచేయంత స్ఫటికపు పలకకు ఒక తీరుగా కరెంటు పంపితే దానికి తగిలించిన వస్తువు తేలికవుతోందని చెప్పాడు. అక్కడి పెద్దలు నవ్వారు. ఈయనకు రోషం ఎక్కువ, పలకలన్నీ మూటగట్టుకుని వచ్చేశాడు. గుట్ట కింద రేకుల షెడ్డే ఆయన ప్రయోగశాల అయింది. రెండేళ్లకు ఆ పలకలను ఒక నడుము పట్టీలో కుట్టి, స్విచ్చు పెట్టాడు. దానికి సంస్కృతంలో ఏదో గొప్ప పేరు పెట్టాడు. అన్న దాన్ని మొలతాడు అన్నాడు. మొలతాడే నిలిచింది.

షెడ్డులో దూలానికి కొక్కెం కాటా కట్టి, దానికి ఇసుకమూట వేలాడదీసి, మూటకు మొలతాడు చుట్టాం. స్విచ్చు వేస్తే అరవై కేజీల మూట ఇరవై చూపించింది. నలభై కేజీలు మాయం. చలపతి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. అదే మూటను నేలమీది పళ్లెం కాటా మీద పెట్టి స్విచ్చు వేస్తే మాత్రం అరవై అరవైగానే ఉంది. నేల తగిలితే దీని శక్తి పోతుందన్న మాట, గాలిలో వేలాడితేనే పనిచేస్తుంది అని చలపతి నోటుబుక్కులో రాసుకున్నాడు. మనకూ గాలిలోనే కదా కావాలి అన్నాను నేను. ఆ నలభై ఎక్కడికి పోతోంది అని చలపతి అడగలేదు. బరువులతో పన్నెండేళ్లు కాపురం చేసిన దాన్ని, నేనూ అడగలేదు.

మొదటిసారి నా ఒంటి రెక్కతో, మొలతాడు కట్టుకుని ఒక్కదాన్నే ఎగిరాను. బుద్ధి వచ్చింది. కాళ్లు నేల విడిచాయో లేదో గాలి నన్ను ఎత్తుకుపోయింది. రెక్క వదులైపోయి రెండుసార్లు ముడుచుకుంది. స్విచ్చు ఆపాకగానీ బతుకుతానని నమ్మకం కలగలేదు. దీని పని మనిషిని తేలిక చేయడం కాదు, ఎక్కువైన బరువును చీటీలో రాసిన అంకెల మధ్యకు తేవడమే అని ఆ రోజు గట్టిగా చెప్పాను. అక్కణ్నుంచి జోడీ రెక్క ముందు సీట్లో ఇసుకమూటలు కట్టి, వాటికి మొలతాడు చుట్టి ఎగిరాను. పదకొండు సార్లు. బరువు పెంచుతూ పెంచుతూ నూట ఇరవై కేజీల ఇసుక దాకా పోయాం. దిగిన ప్రతిసారీ అంత నెమ్మదిగా దిగామేమిటా అని నాకే ఆశ్చర్యం వేసేది. పదకొండు సార్లూ కింద జెండా పట్టింది అన్నే.

వాటిలో ఆరోసారి ఒకటి జరిగింది. తోట గట్టున మండీ మనిషి కాటా పెట్టుకుని టమాటా క్రేట్లు తూకం వేయించుకుంటున్నాడు. ఇరవై ఏడు కేజీల క్రేటు ఉన్నట్టుండి అరవై ఏడు చూపించి, రెండు క్షణాల్లో మళ్లీ ఇరవై ఏడుకు వచ్చిందట. రైతులు అతన్ని చుట్టుముట్టారు. పైకి తిప్పడం తెలిసినవాడికి కిందికి తిప్పడం తెలియదా అని నిలదీశారు. పాపం అతను తను నడిపేది నిక్కచ్చి వ్యాపారమని ఒట్లు పెట్టుకున్నాడు. మేం దిగాక ఈ గొడవంతా విని కడుపుబ్బ నవ్వాం. చలపతి కూడా నవ్వాడు. అరవై ఏడులోంచి ఇరవై ఏడు తీసేస్తే ఎంతో చంటిపిల్లలకు తెలుసు. కానీ మా వైపు టమాటా కాటా తప్పు చూపిస్తే, కాటాను అనుమానించడం తప్ప ఇంకో ఆలోచన ఎవరికీ రాదు. పరిశోధకుడికీ రాలేదు.

ఆ తర్వాత అన్న వంతు వచ్చింది. నలభై ఆరేళ్ల మనిషి, వారం నుంచి నిద్రపోలేదు. రాత్రిపూట సంగటి కూడా మానేశాడు. ఆయన పైకి వస్తే జెండా ఎవరు పట్టాలన్నది ప్రశ్న. సుబ్బరత్న పడుతుందని అన్నే చెప్పాడు. ఆమెకు మూడేళ్ల కిందట గుండెకు ఆపరేషన్ అయింది. నలభై ఎనిమిది కేజీల మనిషి. నేను వద్దన్నాను, ఎండలో నిలబడలేదన్నాను. సుబ్బరత్న ఒప్పుకోలేదు. మొగుడు మొదటిసారి ఎగురుతూ ఉంటే నీడలో కూర్చుని చూడమంటావా అని నన్నే దెప్పింది.

"మీ అన్నను పైకి తీసకపోతే పొయినావు గానీ, నేను చెప్పిన చోట దించల్ల మళ్ల," అంది. "ఇరవై రెండేండ్లుగా ఆయప్పకు తావు చూపిస్తా ఉండేది నేనే."

పది గంటలకు గుట్ట మీంచి పరుగెత్తాం. రెండు వందల పన్నెండు కేజీల బరువుతో పరుగు కష్టమే. కానీ కాళ్లు నేల విడవగానే మొలతాడు పని మొదలుపెట్టింది. రెక్క ఒక్కసారిగా కుదుటపడింది. బ్రేకు తాళ్లలో నాకు తెలిసిపోయింది, నూట డెబ్బై రెండు. నడిమధ్యన, క్షేమంగా. అన్న చేతులు రెండూ బార్లా చాపాడు. హెల్మెట్ కింద మెడ వణుకుతూ ఉంది. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వెనకనున్న నాకు తెలియలేదు. ఇంత సంతోషం ఒక మనిషికి ఇవ్వగలిగానని నాకు గర్వం వేసింది. నిజం చెప్పాలి కదా, గర్వమే వేసింది.

టమాటా తోట మీదుగా ఒక చుట్టు చుట్టాను. కింద ఆడవాళ్లు నెత్తిన క్రేట్లతో గట్టువైపు వరసగా నడుస్తున్నారు. మొదటి ఆమె కూలబడింది. క్రేటు దొర్లి కాయలన్నీ పోయాయి. ఆమె వెనకామె మోకాళ్ల మీద పడింది. మూడో ఆమె కూడా. మేం ఎటు పోతుంటే అటే ఒకరి తర్వాత ఒకరు. పాము కనిపించిందేమో, భయపడి ఉంటారు అనుకున్నాను. దిగే జాగావైపు తిరిగి, జెండా చూసుకుని, రెక్కను గాలికి ఎదురుగా నిలబెట్టాను. సరిగ్గా సుబ్బరత్న నెత్తిన. ఇంత చక్కగా ఎప్పుడూ నిలబెట్టలేదు. బరువు తగ్గిన రెక్క నిదానంగా పోతుంది కాబట్టి గాలి మమ్మల్ని అంగుళం కదలనివ్వలేదు.

మూడు వందల అడుగుల దగ్గర జెండా కిందికి వాలింది. సుబ్బరత్న రెండు చేతులతో మళ్లీ ఎత్తింది. ఇంకొంచెం దిగేసరికి జెండా కర్రను నేలకు ఆనించి, దాని మీద వాలి నిలబడింది. మేం చూస్తున్నామని తెలుసు కదా, తల మాత్రం పైకే ఉంది. తర్వాత మోకాళ్ల మీదికి వచ్చింది. చోటు మాత్రం వదల్లేదు. చోటు చూపిస్తానని మాట ఇచ్చింది మరి.

వాకీటాకీలో చలపతి గొంతు వచ్చింది. ఆయన తోట గట్టున మండీ మనిషి కాటా పక్కనే నిలబడి ఉన్నాడు. మేం ఆ కాటా మీదుగా దాటినప్పుడు అంకె మారడం ఈసారి కళ్లారా చూశాడు.

"కుముదా, పక్కకు పో. ఆ నలభై మాయం కాలేదు. కింద ఎవురుంటే వాళ్ల మీద పడతాంది. సుబ్బరత్నక్క మీద ఉండొద్దు, పో."

అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. వెనక్కి తిరిగితే గాలి నన్ను తీగల మీదికి విసిరేస్తుంది. పక్కకు తిరిగితే బండలు. ముందుకు పోదామంటే గాలి పోనివ్వడం లేదు. రెక్క ముందుకు దూసుకుపోవాలంటే బరువు పెరగాలి. అంటే మొలతాడు ఆపాలి. ఆపితే అంకెకు ముప్ఫై రెండు కేజీలు ఎక్కువ, రెండు వందల అడుగుల ఎత్తు, పక్కాగా ఎవరి కాళ్లో విరుగుతాయి, మెడలు విరిగినా విరుగుతాయి. స్విచ్చు అన్న నడుము దగ్గర ఉంది. నాకు అందదు.

"అన్నా, మొలతాడు ఆపు. ఆపితే పడతాం. అయినా ఆపు," అన్నాను.

ఎందుకని అడగలేదు. ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఆపాడు. అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక నాకు లేదు. రెక్క ముందుకు దూకింది. జెండా మా వెనక్కి పోయింది. నేల ఎదురొచ్చింది. టమాటా కట్టెల్లోకి దిగబడ్డాం. నా కాలర్‌బోన్ విరిగింది. అన్న కుడికాలు రెండు చోట్ల విరిగింది. టమాటా తీగల్లో, కాయల గుజ్జులో పడి ఉన్నాం ఇద్దరమూ. అక్కణ్నుంచి ఆమె కనిపిస్తూనే ఉంది. చలపతి ఆమె ఛాతీ మీద రెండు చేతులతో అదుముతున్నాడు. చాలాసేపు అదిమాడు. తర్వాత చేతులు తీసేశాడు.

మూడో రోజున, చేయి మెడకు కట్టుకుని నేను షెడ్డుకు వెళ్లాను. చలపతి అదే ఇసుకమూటను అదే కొక్కేనికి వేలాడదీసి ఉన్నాడు. ఈసారి మూటకు సరిగ్గా కింద, నేలమీద పళ్లెం కాటా పెట్టాడు. ఖాళీ కాటా. స్విచ్చు వేశాడు. పైన కొక్కెం కాటాలో అరవై ఇరవై అయింది. కింద ఖాళీ కాటా నలభై చూపించింది. కాలితో దాన్ని జానెడు పక్కకు నెట్టాడు. సున్నా. మళ్లీ కిందికి లాగాడు. నలభై.

ఆ కాటా మీద ఏమీ లేదు. నేను వంగి చేత్తో తడిమి చూశాను. ముంజేయి వరకే పెట్టానా, చేయి కాటా పళ్లేనికి అతుక్కుపోయింది. వేళ్ల చివర్లలో రక్తం బరువుగా కొట్టుకుంది. మూట మీది బరువు నా చేతి మీద పడలేదు, చేతిలోకి వచ్చింది. ఎముకలోకి, నెత్తుట్లోకి వచ్చింది. చలపతి గబగబా స్విచ్చు ఆపాడు. నలభై ఎనిమిది కేజీల మనిషి రక్తం ఒక్కసారిగా అంత బరువెక్కితే, కుట్లు వేసిన గుండె దాన్ని ఎన్ని నిమిషాలు తోడగలదు? ఆ లెక్క మేం చేయలేదు. ఇద్దరం నేలమీద కూర్చుండిపోయాం. షెడ్డు నేల కాంక్రీటు. రెండేళ్ల పాటు అన్ని నలభైలనూ అది కిక్కురుమనకుండా మోసింది. ఖాళీ చోట కాటా పెట్టి చూడాలని ఎవరికి తోస్తుంది అన్నాడు చలపతి. ఎవరికీ తోచదు. అయినా తోచవలసింది మనకే అన్నాను.

అన్న నడిచేదాకా చెప్పొద్దన్నాడు చలపతి. భార్యకు కొరివి కూడా పెట్టలేకపోయిన మనిషి, ఇప్పుడిది తెలిస్తే తట్టుకోలేడన్నాడు. అదీ నిజమే. కానీ చెప్పకుండా రోజూ ఆయన మంచం పక్కన కూర్చుని బత్తాయిరసం తాగించడం నా వల్ల కాలేదు. పన్నెండో రోజు, దినాలు అయిన మర్నాడు, పొద్దున్నే ఒక్కదాన్నే ఆస్పత్రికి వెళ్లాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. అన్నా, వదినను చంపింది నేనే. ఆ ఒక్క ముక్కతో మొదలుపెట్టాలనుకున్నాను.

అన్న కిటికీవైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. కాలికి ఇనుప కడ్డీలు వేశారు. నేను స్టూలు లాక్కుని కూర్చోగానే, నేను నోరు తెరవకముందే, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"పదకొండు తూర్లు జెండా పట్టినాను గదా మ్మే. నువ్వు నెత్తిన నిలబెట్టినప్పుడల్లా ఎవురో భుజాల మింద ఎక్కి కూసున్నట్ల వుండె. కాళ్లు మన్నులో దిగబడేటివి. కండ్లు మసకలు కమ్మేటివి. నువ్వు దిగతానే అంతా సరిపొయ్యేది."

ఆయన నావైపు తిరగలేదు.

"చెప్పల్లనుకున్యా. చెప్తే ఏమంటారు? వొళ్లు మీరినోడు, నిలబడను గూడా శాతగాదు, ఇంగ ఎగిరేదేం అంటారు. అందుకని చెప్పలా. నా వొళ్లు, నా బరువు, నా తప్పు అనుకున్యా. ఆయమ్మ సన్నంగా వుండాది, ఆయమ్మకేమైతాది అనుకున్యా. నేనే నిలబెట్టినా ఆడ."

"అన్నా, ఆ రోజు ఎందుకని అడక్కుండానే ఆపినావే," అన్నాను.

"అప్పుడు తెలిసిపాయ. ఆయమ్మ మోకాళ్ల మింద పడింది చూస్తానే తెలిసిపాయ. నాకూ అట్లే అయ్యేది." దుప్పటి అంచు గుప్పిట్లో పట్టుకున్నాడు. "నువ్వు చెప్పకముందే ఆపల్ల నేను. ఆపలా. ఇంగొక్క రవ్వ సేపు వుందామనిపించింది. పైన అంత బాగుండె మ్మే."

నేను చెప్పాలని తెచ్చుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. ఆయన చేయి పట్టుకున్నాను. పెద్ద చేయి, చెమట పట్టి ఉంది. అది ఎంత బరువుందో అప్పుడే మొదటిసారి ఎత్తి చూసినట్టు అనిపించింది. నేను కూడా చెప్పాను. షెడ్డులో ఖాళీ కాటా చూపించిన అంకెతో సహా, అరవై ఏడు చూపించిన టమాటా క్రేటుతో సహా, విని నవ్విన మా నవ్వులతో సహా అంతా చెప్పాను. అన్న కళ్లు మూసుకుని విన్నాడు. నర్సు వచ్చి, రోగిని ఎందుకమ్మా ఏడిపిస్తావని నన్ను కోప్పడింది. ఆయన ఏడవడం లేదు. ఏడుస్తున్నది నేను.